విత్తనాల పొట్లానికి ఏ కాగితం?

అక్కలకు, అన్నలకు, డిజైన్ చదువుతున్న పిల్లలకు నమస్తే.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక టమాట గింజ సుమారు మూడు మిల్లీగ్రాములు తూగుతుంది. పొట్లంలో యాభై గింజలు పోస్తే మొత్తం 0.15 గ్రాము. ఆ గింజల కోసం మనం చేసే ఎనిమిది బై పదకొండు సెంటీమీటర్ల పొట్లం, 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు వంద గ్రాములు తూగే) కాగితంతో చేస్తే, రెండున్నర గ్రాములు తూగుతుంది. అంటే విత్తనం కంటే దాదాపు పదిహేడు రెట్లు కాగితమే మన చేతికి వస్తోంది. ఆ గింజ మొలవకపోతే ఆ కాగితం, దానికి పట్టిన నీళ్లు, అద్దిన రంగు, చేసిన పని అన్నీ వృథా. అందుకే "పర్యావరణానికి మేలు చేసే కాగితం ఏది?" అని నన్నడిగితే, అందులో గింజ బతుకుతుందా అని నేను ముందు చూస్తాను. అది దేనితో తయారైందన్నది ఆ తర్వాతి మాట. చెక్క అచ్చు బాగా పడుతుందా అన్నది మూడోది. చాలామంది ఈ వరుసను తిరగేసి, రంగు బాగా పడే కాగితం కొన్నాక విత్తనం గురించి ఆలోచిస్తారు.

మన వైపు కాగితానికి పాత చరిత్రే ఉంది. నిజాం కాలంలో పట్వారీల లెక్కల పుస్తకాలకు కోరుట్ల చేతి కాగితం వాడేవారు. కాగజ్‌నగర్ అయితే కాగితం పేరునే ఊరి పేరుగా పెట్టుకుంది. అక్కడి సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో మళ్లీ నడిచింది. ఇటు భద్రాచలం దగ్గర సారపాకలో ఇంకో పెద్ద మిల్లు ఉంది. ఈ మిల్లుల గుజ్జులో ఎక్కువ భాగం రైతులు పొలాల్లో పెంచిన జామాయిల్, సుబాబుల్ నుంచే వస్తుంది. కాబట్టి "మిల్లు కాగితం అంటే అడవి కొట్టినట్టే" అనే మాట మన దగ్గర పూర్తిగా నిజం కాదు. అట్లని మిల్లు కాగితం తప్పు లేనిదనీ కాదు. గుజ్జు ఉడికించడానికి, తెలుపు చేయడానికి నీళ్లు, మందులు బాగా పడతాయి. తెలుపు చేయని గోధుమ రంగు కాగితానికి ఆ ఖర్చులో కొంత తగ్గుతుంది.

ఇప్పుడు మన ముందున్న రకాలు చూద్దాం.

మొదటిది క్రాఫ్ట్. కిరాణా దుకాణంలో సామాను కట్టిచ్చే గోధుమ రంగు కాగితం. ఇందులో రెండు రకాలున్నాయి. కొత్త గుజ్జుతో చేసిన దానిలో నార పొడుగ్గా ఉంటుంది, ఎంత మడిచినా విరగదు. పాత అట్టపెట్టెలను తిప్పి చేసిన దానిలో నార ప్రతిసారీ పొట్టిదవుతుంది, కాబట్టి మడత దగ్గర ముందే చిట్లుతుంది. చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒకే గీత మీద అటూ ఇటూ పదిసార్లు మడిచి, రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. తెగకపోతే పొట్లానికి పనికొస్తుంది. చిన్న గింజలకు 80 జీఎస్ఎం చాలు.

రెండోది చేతితో చేసిన నూలు కాగితం. బనియన్ల ఫ్యాక్టరీల్లో మిగిలిన గుడ్డ ముక్కల గుజ్జుతో చేస్తారు. చెట్టు అక్కర్లేదు, నార బలం, మడత బాగా పడుతుంది. మంచి తెలుపు కాబట్టి రంగు నిలిచి కనిపిస్తుంది. ఈ చేతి కాగితానికి జైపూర్ దగ్గరి సాంగానేర్ పేరున్న చోటు. గాంధేయ ఆర్థికవేత్త కుమారప్ప పేరు మీద చేతి కాగితం జాతీయ సంస్థ కూడా అక్కడే ఉంది. "అంత దూరం నుంచి తెప్పిస్తే పర్యావరణం మాటేమిటి?" అని అడుగుతారు. కాగితం తయారీలో పోయే నీళ్లు, వేడి ముందు లారీ ప్రయాణం చిన్నది. ఒకసారి పెద్ద కట్టగా తెప్పించండి. పది షీట్ల కోసం పదిసార్లు కొరియర్ పెట్టడమే నష్టం.

మూడోది వరిగడ్డి కాగితం. మన దగ్గర గడ్డికి కొదవ లేదు కాబట్టి ఇది అందరికీ నచ్చుతుంది. కానీ వరిగడ్డి నార పొట్టిది, అందులో ఇసుక స్వభావమున్న సిలికా ఎక్కువ. ఉత్త గడ్డితో చేసిన కాగితం పెళుసు, మడతలో పగులుతుంది. సగమైనా నూలు గుజ్జు కలిపినది తీసుకోండి. పొట్లం కన్నా పైన కట్టే చీటీలకు గడ్డి కాగితం బాగుంటుంది.

పూల రేకులు, గడ్డి పోచలు పొదిగిన కాగితం మాత్రం ఎంత అందంగా ఉన్నా వద్దు. రేకు ఉన్నచోట ఉబ్బుంటుంది, అచ్చు అక్కడ అంటదు. పైగా ఎండిన రేకులు పురుగును పిలుస్తాయి. ఆ పురుగు రేకుతో ఆగదు, లోపలి గింజ దగ్గరికీ వస్తుంది. అట్లే విత్తనాలు కలిపి చేసిన, నాటగలిగే కాగితం వేరే వస్తువు. తయారీలోనే ఆ గింజలు తడిసి ఆరాయి కాబట్టి ఎక్కువ కాలం నిలవవు. దాన్ని పొట్లంగా వాడాలనుకోవద్దు.

ఒకవైపు అచ్చయిన ఆఫీసు కాగితం, పాత నోట్‌బుక్కుల పేజీలు చిన్న పొట్లాలకు చక్కగా పనికొస్తాయి. అచ్చు ఉన్న వైపు లోపలికి వచ్చేలా మడవండి. ఒక్క జాగ్రత్త: జవాబు పత్రాలు, ఆసుపత్రి రిపోర్టులు, బ్యాంకు కాగితాలు ముట్టుకోవద్దు. ఒకరి పేరు, ఫోన్ నంబరు మన పొట్లం లోపల ఊరంతా తిరగకూడదు. వార్తాపత్రిక వద్దంటాను, దాని సిరా వేలికి అంటుతుంది, కాగితం బలహీనం.

దుకాణంలో కాగితం మీద ఎఫ్‌ఎస్‌సీ గుర్తు, అంటే అడవిని బాధ్యతగా వాడారని చెప్పే ముద్ర, కనిపిస్తే దాని కింద ఏం రాసి ఉందో చూడండి. "100 శాతం" అంటే ధ్రువీకరించిన అడవుల నుంచి వచ్చిన నార మాత్రమే. "మిక్స్" అంటే కలగలుపు. "రీసైకిల్డ్" అంటే పాత కాగితం నుంచి. ఒకే చెట్టు బొమ్మ కింద ఈ మూడు మాటలూ ఉంటాయి, మూడింటి అర్థం వేరు.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం తూకం, గ్రాముల్లో. దుకాణదారు చెప్పింది నిజమా అని తెలుసుకోవడానికి ఒక ఏ4 ముక్క చాలు. చదరపు మీటరుకు పదహారు ఏ4లు వస్తాయి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద ఒక ఏ4 పెట్టి, వచ్చిన గ్రాములను పదహారుతో గుణిస్తే దాదాపు జీఎస్ఎం. ఐదు గ్రాములు వస్తే 80. చేతి కాగితం షీటుకు షీటుకు తేడా ఉంటుంది కాబట్టి కట్టలో పైది ఒకటి, మధ్యది ఒకటి, అడుగుది ఒకటి తూచండి.

మరి ఏ గింజకు ఎంత మందం? తోటకూర, టమాట, వంకాయ, మిర్చి గింజలకు 70 నుంచి 90. బెండ, చిక్కుడుకు 100. సొర, బీర, కాకరకు 120. సొర గింజ మూలలు, కాకర గింజ అంచులు పొట్లాన్ని లోపలి నుంచి గీరుతుంటాయి. సంచిలో పొట్లాలు ఒకదాని మీద ఒకటి రాసుకున్నప్పుడు ఆ మూల దగ్గరే చిల్లి పడుతుంది. బంతి గింజ మరీ సన్నగా సూదిలా ఉంటుంది, పలుచని కాగితంలోంచి గుచ్చుకుని బయటికి వస్తుంది. 150 దాటిన కాగితం పొట్లానికి వద్దు. మడిచిన చోట పగులుతుంది, మడత తెరుచుకుంటుంది, జిగురు పట్టదు.

ఇప్పుడు ఈ పొట్లం అడుగు మూల చూడండి. దగ్గరికి తెచ్చి చూపిస్తాను. విత్తనాలు కారేదంతా ఇక్కడే. పక్క అంచు, అడుగు అంచు కలిసేచోట, కత్తిరింపు ఏటవాలుగా నలభై ఐదు డిగ్రీలు పోయింది. ఆ కత్తిరింపు కొస మడత గీత దాకా వచ్చింది కాబట్టి ఇక్కడ ఆవగింజంత సందు మిగిలింది. తోటకూర గింజకు ఇది దర్వాజా. అడుగు అంచును రెండు వైపులా మూడు మిల్లీమీటర్లే లోపలికి వాలేలా కత్తిరించండి. జిగురును అంచు మధ్యలో గీతలాగా కాకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా రాయండి. మరీ సన్న గింజలైతే లోపల ఇంకో చిన్న పొట్లం పెట్టండి. కిరాణా కొట్టులో పసుపు, జీలకర్ర కట్టే మడత పొట్లం ఉంది కదా, జిగురు లేకుండా కాగితం తానే పట్టుకునేది, అదే. దానికి గ్లాసిన్ అనే నున్నని, వెలుతురు కనిపించే కాగితం బాగుంటుంది. దాన్ని నొక్కి నున్నగా చేస్తారు, ప్లాస్టిక్ పూత ఉండదు.

ప్లాస్టిక్ పూత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మార్కెట్లో కాగితంలాగా కనిపించే చాలా కవర్లకు లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. మెల్లగా చింపితే నార తెగాక పొర సాగుతూ కనిపిస్తుంది. అనుమానం ఉంటే రాత్రంతా నీళ్లలో నానబెట్టండి, తెల్లారేసరికి పొర విడిపోతుంది. ఈ కవరు పాత కాగితంతో కలిసి మళ్లీ గుజ్జు కాదు, మట్టిలో కరగదు.

కొలతల్లో అర సెంటీమీటరు ఎంత పని చేస్తుందో చూపిస్తాను. చేతి కాగితం మామూలు షీటు 56 బై 76 సెంటీమీటర్లు. మన పొట్లం విప్పితే అడ్డం 17.5: ముందు ఎనిమిది, వెనుక ఎనిమిది, పక్క అంచు ఒకటిన్నర. నిలువు 14.5: పొట్లం పదకొండు, అడుగు అంచు ఒకటిన్నర, పై మూత రెండు. అడ్డం మూడు, నిలువు ఐదు, మొత్తం పదిహేను పొట్లాలు వస్తాయి, చుట్టూ ఒకటిముప్పావు సెంటీమీటరు మిగులుతుంది. చేతి కాగితం అంచులు చిరిగినట్టు పలుచగా ఉంటాయి కాబట్టి ఆ మిగులు ఎట్లాగూ తీసేయాల్సిందే. ఇప్పుడు పై మూతను రెండున్నర చేశారనుకోండి. నిలువు 75 అవుతుంది. 76లో అంచు తీస్తే అది పట్టదు. నాలుగు వరుసలే వస్తాయి. పదిహేను కాస్తా పన్నెండు.

ఐదు వందల పొట్లాలకు ముప్పై నాలుగు షీట్లు, చెడిపోయేవాటికి ఇంకో నాలుగు, మొత్తం ముప్పై ఎనిమిది కొనండి. 100 జీఎస్ఎం అయితే అన్నీ కలిపి కిలోన్నర పైచిలుకు తూకం. టమాట, వంకాయకు పొట్లం ఐదు బై ఏడుకు తగ్గించి, అంచులు ఒకటి, మూత ఒకటిన్నర పెడితే అదే షీటులో ముప్పై వస్తాయి. కాగితం సగం ఆదా. మీరు ఏ గుర్తున్న కాగితం కొన్నా ఇంత మేలు జరగదు.

మిషన్ కాగితానికి వాలు ఉంటుంది, అంటే నార ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది. ఒక ముక్కకు ఒకవైపు తడి చేయండి, గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కో నార ఆ దిక్కు. పొట్లంలో పొడుగు మడతలు నిలువుగా ఉంటాయి కాబట్టి నార కూడా నిలువుగా ఉండేలా కోయండి. అడ్డంగా కోస్తే మడత గీత పళ్లు పళ్లుగా విరుగుతుంది. చేతి కాగితంలో నార అన్ని దిక్కులా ఉంటుంది కాబట్టి ఈ పట్టింపు లేదు.

ఇక అచ్చు. పెడనలో కలంకారీ అచ్చులు టేకు చెక్కతో చేస్తారు, దానికి కారణముంది. గీత సన్నగా చెక్కినా అంచు నలగదు, తడికి ఉబ్బదు. మన నిర్మల్ బొమ్మల పొనికి చెక్క తేలిక, మెత్తన. బొమ్మకు మంచిదే కానీ, అచ్చుకు పెడితే నాలుగు రోజుల్లో గీతలు నలిగిపోతాయి. చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలక నీటి రంగుకు ఉబ్బుతుంది.

గుడ్డ మీద అలవాటైన చేయి కాగితం మీద మొదట తడబడుతుంది. గుడ్డ రంగును తాగి సర్దుకుంటుంది. కాగితం సర్దుకోదు, ఎక్కువైన రంగు గీత పక్కకు చిందుతుంది, కాగితం ముడతలు పడుతుంది. మూడు సంగతులు చూసుకోండి. కాగితం కింద పాత కంబళి రెండు మడతలు వేయాలి, గట్టి బల్ల మీద అచ్చు సగమే అంటుతుంది. రంగు పళ్లెంలో దిండు తడిగా ఉండాలి, రంగు పైకి తేలకూడదు. అరచేతితో ఒక్కసారి గట్టిగా నొక్కి నిటారుగా తీయాలి, పక్కకు జరిపితే నీడ పడుతుంది. చేతి కాగితం మీద పొడి నార ఉంటుంది, అది అచ్చు గీతల్లో చేరి ఇరవై ముప్పై ముద్రలకే సన్న గీతలు పూడిపోతాయి. షీటును ముందే మెత్తటి బ్రష్‌తో దులపండి, అచ్చును మధ్యమధ్య పళ్లు తోమే పాత బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి.

రంగు పాకుతుందా లేదా తెలుసుకోవడానికి నీటిచుక్క పరీక్ష చాలు. కాగితం మీద ఒక చుక్క వేసి గడియారం చూడండి. నాలుగైదు సెకన్లలో ఇంకిపోతే ఆ కాగితానికి గంజి పట్టలేదన్నమాట, గీతలు వెంట్రుకల్లా పాకుతాయి. ఐదు నిమిషాలైనా ముత్యంలా నిలిచిందంటే పూత ఉంది, రంగు ఆరదు, చేతికి అంటుతుంది. అర నిమిషానికీ రెండు నిమిషాలకూ మధ్య ఇంకే కాగితం మన అచ్చుకు సరైనది.

క్రాఫ్ట్ మీద నలుపు, ముదురు నీలం, మెరూన్ మాత్రమే కనిపిస్తాయి. పసుపు, లేత ఆకుపచ్చ అందులో కలిసిపోతాయి. వాటికింద తెలుపు వేయాలని చూడొద్దు, ముదురు రంగులో ఒకే అచ్చుతో సరిపెట్టుకోండి.

సహజ రంగులంటే మనందరికీ ఇష్టం. కానీ గుడ్డకు మంచిదంతా కాగితానికి మంచిది కాదు. కలంకారీ నలుపు ఇనుము, బెల్లం పులియబెట్టి చేస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది నల్లబడుతుంది. కరక్కాయ పట్టించని కాగితం మీద నలుపు రాదు. పైగా ఆ ఇనుము, పులుపు కలిసి నారను తినేస్తాయి, గీత చుట్టూ గోధుమ రంగు మరక తేలుతుంది. పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది, సున్నం, సోడా తగిలితే ఎర్రబడుతుంది. దీపపు మసి, తుమ్మ బంక కలిపిన నలుపు చక్కగా పడుతుంది, వెలవదు, కానీ చెమట చేతికి కరుగుతుంది. ఇంట్లో పంచుకునే పొట్లాలకు మసి, బంక వాడండి. సంతలో పదిమంది చేతులు మారే వాటికి గుడ్డల మీద వాడే పిగ్మెంట్ రంగు, దాన్ని పట్టి ఉంచే బైండర్ కలిపి వాడక తప్పదు. అందులో కొంచెం ప్లాస్టిక్ స్వభావం ఉన్న మాట నిజం, దాన్ని దాచడం నాకిష్టం లేదు. అందుకే బొమ్మ మొత్తం నింపకుండా గీతలుగా ఉన్న అచ్చు చేయించండి, రంగు తక్కువ పడుతుంది, త్వరగా ఆరుతుంది.

అచ్చు ఎప్పుడూ మడవకముందే వేయాలి. అతికించిన పొట్లం మీద వేస్తే లోపలి అంచు మెట్టులా తేలి బొమ్మ రెండు ముక్కలవుతుంది. వేశాక ఒక రోజంతా ఆరనివ్వండి, తెల్ల గుడ్డతో పదిసార్లు రుద్ది, రంగు అంటకపోతేనే మడవండి. పంట పేరు, బొమ్మ అచ్చులో ఉండాలి. రకం, ఊరు, కోసిన నెల, సంవత్సరం, గింజల సంఖ్య, ఏ కార్తెలో పెట్టాలో అనేవి పెన్సిల్‌తోనో రబ్బరు స్టాంపుతోనో వేయడానికి ముందు వైపు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఏటా మారేవి చెక్కలో చెక్కితే ఆ చెక్క వచ్చే ఏడు పనికిరాదు.

అమ్మేవాళ్లకు ఒక మాట. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే ఆ చట్టం కింద రక్షణ పొందిన రకం పేరును లేబుల్‌గా వేసి ప్యాకెట్‌లో అమ్మడానికి మాత్రం వీల్లేదు. అందుకే పొట్లం మీద మన నాటు రకాల పేర్లే వేయండి, కంపెనీ రకం పేరు అచ్చు చేయించకండి.

జిగురు. ఫెవికాల్ లాంటిది పని చేస్తుంది కానీ మన చేర్యాలలో గుడ్డ మీద బొమ్మలు వేసే నకాషీ వాళ్లు గుడ్డకు పూతలో చింతగింజల గంజి కలుపుతారు, దాన్ని మించిన పట్టు అరుదు. వంద గ్రాముల చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, లీటరు నీళ్లలో సన్న సెగ మీద గరిటె తీయకుండా తిప్పుతూ ఉడికించండి. గరిటె నుంచి దారంలా జారితే దించండి. చల్లారాక గుడ్డలో వడకట్టండి, పలుకులు మిగిలితే మడతలో గడ్డ కడతాయి. రెండు రోజుల్లో పులుస్తుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజు చేసుకోండి. పురుగు రాకుండా మైలుతుత్తం కలపమని ఎవరైనా చెబితే వినకండి, అది విషం, పిల్లల చేతుల్లోకి వెళ్లే పొట్లం ఇది. పలుచగా రాస్తే పురుగు తినడానికి పెద్దగా మిగలదు.

జిగురు రాసిన పొట్లంలో అదే పూట గింజలు పోయడం నేను చూసే తప్పుల్లో పెద్దది. తడి లోపలే చిక్కుకుని గింజలోకి పోతుంది. నీడలో ఫ్యాన్ కింద ఒక రోజు ఆరాకే పోయండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. విత్తనాల నిల్వకు హారింగ్టన్ సూత్రమని ఒకటుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు, నిల్వ చేసిన చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. ఐదు నుంచి పద్నాలుగు శాతం తేమ మధ్య ఇది వర్తిస్తుంది. ఏ కాగితమూ తేమను ఆపలేదు, నూలుదైనా, క్రాఫ్టైనా, గ్లాసినైనా. ఆగస్టులో మన వరంగల్ గాలిలో తేమ ఎనభై శాతం దాటిన రోజుల్లో కాగితం పొట్లంలోని గింజ ఆ తేమనే తాగుతుంది. మే నెలలో రేకుల కింద షెడ్డులో పెడితే వేడి చంపుతుంది. అందుకని కాగితం చేయలేని పనిని దాని మీద వేయొద్దు. కాగితం విత్తనాన్ని పంచుకోవడానికి, గుర్తుపట్టడానికి. దాచడానికి డబ్బా కావాలి.

పూర్వం మన ఇళ్లలో ఇత్తనాలు ఎండిన సొరకాయ బుర్రలో పోసి, బూడిద కలిపి, మూతి మట్టితో మెత్తి కట్టేవాళ్లు. గాలి ఆడకూడదన్నదే అందులోని సూత్రం. ఇప్పుడు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా చాలు. పాత బియ్యం మూకుడులో వేయించి, చల్లారాక గుడ్డలో మూటకట్టి, పొట్లాలతో పాటు డబ్బాలో పెట్టండి. నెలకోసారి ఆ బియ్యం మళ్లీ వేయించండి. వేడిగా ఉండగా మాత్రం పెట్టొద్దు, మూత లోపల ఆవిరి పడుతుంది.

పనుల వరుస ఇట్లా పెట్టుకోండి. అచ్చు పని జనవరిలో. కోత, మడత, జిగురు ఫిబ్రవరిలో, గాలి పొడిగా ఉన్నప్పుడు. గింజలు పోయడం మార్చిలో, ఉదయం ఎండలో ఆరబెట్టి నీడలో చల్లార్చాక. సొర గింజను వంచి చూడండి, వంగితే తడి ఉంది, టక్కున విరిగితే సరే. అప్పటి నుంచి డబ్బాలోనే ఉంచి, రోహిణి కార్తెలో బయటికి తీసి పంచితే మృగశిరకు మట్టిలో పడతాయి.

ముందు బల్ల మీద తొమ్మిది రకాల కాగితాలు పెట్టాను, వెనుక నంబర్లు ఉన్నాయి, పేర్లు లేవు. పక్కన చుక్కల సీసా, కాటా, కంబళి, ఒక మిర్చి అచ్చు ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి. ముందు నీటిచుక్క వేయండి, తర్వాత మడిచి చూడండి, ఆ తర్వాతే అచ్చు పట్టుకోండి. ఏడో నంబరు కాగితానికి లోపల ప్లాస్టిక్ పొర ఉందా లేదా మీరే తేల్చి చెప్పండి.